మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పూర్వము మైసూరు రాజ్యమున ఇంజనీరింగు చదువగోరిన విద్యార్థి స్వస్థలమును విడిచి దూరప్రాంతమునకు పోవలసి యుండెను. ఆ రాజ్యమున అట్టి కళాశాల లేదు. ఈ కొఱతను విద్యార్థిగా నున్నప్పుడు స్వయముగా అనుభవించి, పెద్దవాడై అధికారము చేపట్టిన పిమ్మట దానిని తీర్చిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన చిక్కబళ్లాపురమునకు సమీపమునందలి ముద్దెనహళ్లి గ్రామమున జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబము. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమను గ్రామమునుండి తరలిపోయినవారు. ఆ గ్రామము పేరే వారికి ఇంటిపేరైనది.

ఆ యింట పాండిత్యము కలదు కాని ధనము లేదు. విశ్వేశ్వరయ్య బాలుడుగా నుండగనే తండ్రి మరణించెను. తల్లి ధైర్యమును విడువక కుమారుని చదివింప నిశ్చయించెను. చిక్కబళ్లాపురమున కొంత విద్య ముగిసిన పిమ్మట ఆ బాలుడు బెంగుళూరు చేరి, మేనమామ ఆదరణమున చదువు సాగించెను. సెంట్రల్ కళాశాలలో చేరిన తరువాత ఒక యింటి పిల్లలకు పాఠములు చెప్పి, ఆ పైకముతో తన ఖర్చులు గడుపుకొనెను. 1881లో బి.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను.

ఇంజనీరు కావలెనని ఆయన కోరిక. కాని అందులకు తగిన కళాశాల పూనా నగరమున కలదు. అంత దూరము పోయి, అచ్చట వసించి చదువుటకు ఆయనయొద్ద ధనమెక్కడిది? ఆ సమయమున మైసూరు ప్రభుత్వము ఆయన ప్రతిభను గుర్తించి విద్యార్థి వేతనము మంజూరు చేసెను. ఆ సహాయముతో విశ్వేశ్వరయ్య పూనా విజ్ఞాన కళాశాలలో చేరి, రాత్రింబవళ్లు శ్రమించి, 1883లో ఇంజనీరింగు పరీక్షలయందు ప్రథమస్థానమును పొందెను. మఱుసటి సంవత్సరము బొంబాయి ప్రభుత్వ మరామతు శాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించెను.

పుస్తకములలో నేర్చిన శాస్త్రము పనియందు ఎట్లు ఫలించునో ఆయన చేసిన యొక నిర్మాణము చూపగలదు. పూనా సమీపమునందలి ఖడక్‌వాస్లా జలాశయము నిండినప్పుడెల్ల మిగిలిన నీరు అలుగు మీదుగా పొర్లి వృథాగా పోవుచుండెను. ఆనకట్టను ఎత్తు చేయవలెనన్న ధనము మిక్కుటముగా కావలెను. విశ్వేశ్వరయ్య బాగుగా యోచించి, 1903లో ఆ అలుగుపై ఇనుప తలుపులను అమర్పించెను. అవి మూసికొనియుండి సుమారు 8 అడుగుల ఎత్తు వఱకు నీటిని అధికముగా నిలుపును. వఱద వచ్చి నీటిమట్టము ఆ యెత్తును మించినచో మనుష్యుని చేయి తగులకయే తెఱచుకొనును. వఱద తగ్గగనే మఱల మూసికొనును. నీటిబలముతోడనే నీటిని అదుపులో నుంచిన యుపాయమిది. గ్వాలియరు రాజ్యమునందలి టిగ్రా ఆనకట్టకును పిదప ఇట్టి తలుపులే అమర్చిరి.

ఉద్యోగములో నున్నను ఆయన విద్యార్థిగానే యుండెను. 1898లో జపానుదేశమునకు పోయి, అచ్చటి విద్యావిధానమును పరిశీలించెను. బాలబాలికలందఱికిని ప్రాథమిక విద్యయు, పనిచేయువారికి వృత్తివిద్యయు లభించిననే దేశము వృద్ధి పొందునన్న భావము ఆయన మనస్సున దృఢపడెను.

1908లో ఆయన బొంబాయి ప్రభుత్వోద్యోగమునుండి విరమించి విదేశయాత్ర చేయుచుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలకొలది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు కూలెను, వంతెనలు దెబ్బతినెను. అట్టి విపత్తు మఱల రాకుండునట్లు ఉపాయము చెప్పుమని నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యను ఆహ్వానించెను.

1909లో ఆయన హైదరాబాదు చేరి పని నారంభించెను. వర్షపాతపు లెక్కలు సేకరించెను. నదిలోనికి నీరు వచ్చి చేరు ప్రదేశమంతయు సర్వే చేయించెను. కుంభవృష్టి కురిసి, ఎగువనున్న చెరువులు ఒకదానివెంట నొకటి తెగుటచే వఱద అంత భయంకరమయ్యెనని తేలెను. నగరమునకు ఎగువను మూసీ, ఈసీ నదులపై రెండు పెద్ద జలాశయములు నిర్మించి వఱదనీటిని నిలిపి, మెల్లగా విడువవలెనని ఆయన సూచించెను. ఆ సూచనయే తరువాత 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమునకును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరమునకును మూలము. నగరమును ముంచిన నీరే ఆ నగరవాసుల దాహము తీర్చు నీరైనది.

ఇంతలో మైసూరునుండి పిలుపు వచ్చెను. తన చదువునకు సాయపడిన రాజ్యమునకు సేవచేయు నవకాశమది. 1909లో ఆయన మైసూరు రాజ్యమునకు చీఫ్ ఇంజనీరయ్యెను. కావేరీనదిపై కృష్ణరాజసాగర నిర్మాణము 1911లో ఆరంభమయ్యెను. 1912లో మహారాజు ఆయనను దివానుగా నియమించెను.

దివాను పదవియందు విశ్వేశ్వరయ్య విద్యకు అగ్రస్థాన మొసగెను. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టము ఏర్పడెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. ఆ మఱుసటి సంవత్సరము, అనగా 1917లో, బెంగుళూరునందు ఇంజనీరింగు కళాశాల స్థాపితమయ్యెను. మైసూరు రాజ్యమున అదియే మొదటి ఇంజనీరింగు కళాశాల. కట్టడములకు సంబంధించిన సివిల్ శాఖయు, యంత్రములకు సంబంధించిన మెకానికల్ శాఖయు అందు బోధింపబడెను. పూర్వము తానొక్కడు వేతనము పొంది పూనా పోయి నేర్చిన విద్య ఇప్పుడు మైసూరు బాలురకు తమ రాజ్యముననే అందుబాటులోనికి వచ్చెను.

ఆయన దివాను పదవి సుఖముగా ముగియలేదు. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములవారికి ప్రత్యేకముగా స్థానములు కల్పింపవలెనను ప్రశ్న 1918లో తలయెత్తెను. యోగ్యతయే ప్రధానమని విశ్వేశ్వరయ్య తలచెను. యోగ్యత నార్జించు అవకాశమే అందఱికి సమానముగా లేదని ఇతరులు వాదించిరి. మహారాజు ఆ విషయమును విచారించుటకు ఒక సంఘమును నియమించెను. ఆ యేడే ఆయన పదవిని వదలుకొనెను. ఈ విషయమున ఆయనతో ఏకీభవింపనివారు ఆనాడును కలరు, ఈనాడును కలరు. నమ్మినదానికొఱకు పదవిని విడుచుటకు మాత్రము ఆయన వెనుదీయలేదు.

తరువాత 1923లో భద్రావతి ఇనుప కర్మాగారము నష్టములలో నుండగా, దానిని చక్కదిద్దు భారము ఆయన వహించెను. ఆ సేవకుగాను తనకు రావలసిన ప్రతిఫలమును తాను గ్రహింపక, చేతిపనులు నేర్పు విద్యాలయమునకు వినియోగింపుమని ప్రభుత్వమును కోరెను. కళాశాల చదువునకు పోజాలని బాలురు సహితము ఒక వృత్తి నేర్చి బ్రతుకవలెనని ఆయన యాశయము. 1943లో బెంగుళూరున ఆ విద్యాలయము ఏర్పడెను. దానికి ఆయన పేరు పెట్ట దలచినప్పుడు ఆయన అంగీకరింపక మహారాజైన జయచామరాజేంద్రుని పేరు పెట్టించెను.

1955లో భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నొసగి గౌరవించెను. 1962 ఏప్రిల్ 14వ తేదీన, నూరేండ్లు నిండిన పిదప, ఆయన బెంగుళూరున పరమపదించెను. తాను స్థాపించిన ఇంజనీరింగు కళాశాలకు తరువాత ఆయన పేరే పెట్టిరి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుకొందురు.

తండ్రిలేని పేదబాలునకు ఒక ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థి వేతనము ఎంతటిది? లెక్కించి చూచినచో అది కొద్ది మొత్తమే. కాని ఆ బాలుడు దానిని ఋణముగా భావించెను. ఆ ఋణమును ధనముతో కాక విద్యాలయములతో తీర్చెను. ఇతరుల తోడ్పాటుతో చదువుకొను ప్రతి విద్యార్థియు, తన వెనుక వచ్చువారికొఱకు తానేమి చేయగలనా యని యోచించినచో, అదియే విశ్వేశ్వరయ్యకు నిజమైన స్మారకము కాగలదు.