కళాసంగ్రాహకుడు సాలార్‌జంగ్

హైదరాబాదులో మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చేవారిలో అధికులు నేరుగా సంగీత గడియారం వద్దకో, మేలిముసుగు రెబెకా శిల్పం వద్దకో వెళ్తారు. ఐరోపా కొయ్యసామాను ఉన్న గదులలో అంత సందడి కనిపించదు. కాని ఆ సంపదను కూర్చిన వ్యక్తి అభిరుచి అక్కడే చక్కగా వ్యక్తమవుతుంది.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పుణేలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రి కన్నుమూశారు. తాతగారైన మొదటి సాలార్‌జంగ్ మూడు దశాబ్దాలు హైదరాబాదు రాజ్యానికి దివానుగా పనిచేసిన ప్రసిద్ధుడు. 1912లో ఏడవ నిజాం ఈ మనుమణ్ణి అదే పదవిలో నియమించారు. 1914లో ఆయన దానిని విడిచిపెట్టారు. అటుపై జీవితమంతా కళాసంగ్రహానికే అంకితమైంది. విదేశాలలోని ప్రతినిధులు వస్తువుల జాబితాలు పంపేవారు. వర్తకులు ఆయన దేవిడీకి తరలివచ్చేవారు. ఆ ధనం జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తు నుండి వచ్చినదన్న సంగతిని మాత్రం మరువరాదు.

ఆయన సేకరించిన వాటిలో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల కొయ్యసామాను కూడా ఉంది. పూర్వపు ఇంగ్లండు పనితనానికి అక్రోటు చెక్కతో చేసిన సొరుగుల పెట్టె గొప్ప నిదర్శనం. పదిహేడవ శతాబ్దం చివరి భాగంలో అక్కడ దీనికి విశేషాదరణ లభించింది. లోపలి కట్టుబడికి ఓక్ లేదా పైన్ చెక్కను వాడి, పైన పలుచని అక్రోటు పొరను అతికేవారు. ఒకే దుంగ నుండి వరుసగా కోసిన పొరలను పక్కపక్కన పేర్చితే చారలు అద్దంలో ప్రతిబింబం వలె కలిసేవి. సొరుగు మూలలలో పావురం తోక వలె విప్పారిన పళ్లను ఒకదానిలో ఒకటి ఇరికించేవారు. చేతితో కోసినవి కనుక ఆ పళ్లు అన్నీ ఒకే కొలతలో ఉండవు. పాత పనిని గుర్తించడానికి ఆ తేడాయే ఆధారం. మేడ్చల్ చెంతనున్న గౌడవెల్లి నుండి రైలులో వచ్చే వడ్రంగి ఎవరైనా, తలుపు చట్రానికి కుసి దించి బిగించే అలవాటున్నవాడైతే, ఈ నేర్పును మనకంటె త్వరగా గ్రహిస్తాడు. 1709 నాటి తీవ్రమైన చలికి ఐరోపాలో అక్రోటు చెట్లు విస్తారంగా చచ్చిపోయాయి. 1720లో ఫ్రాన్సు ఆ కలప ఎగుమతిని నిషేధించింది. క్రమంగా మహాగని దాని స్థానాన్ని ఆక్రమించింది. సాలార్‌జంగ్ కాలానికి ఈ పని చాలవరకు యంత్రాల పాలైంది.

ఆయన అవివాహితులు. 1949 మార్చి 2న మరణించేనాటికి నేరు వారసులు లేరు. ఇన్నేళ్లుగా కూర్చిన వస్తువులు పంపకాలలో చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. అప్పటి పాలనాధికారి వెల్లోడి చొరవతో, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహకారంతో, దివాన్ దేవిడీలోనే మ్యూజియం ఏర్పడింది. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. 1958లో కుటుంబీకులు రాజీ ఒప్పందం ద్వారా సంగ్రహాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం నది ఒడ్డున కట్టిన నూతన భవనానికి తరలింది.