రోగశయ్య నుండి ధవళేశ్వరమునకు

గోదావరి డెల్టాలో సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు తెలియని ఇల్లు లేదు. కాలువ గట్ల మీద, ఊరి కూడళ్లలో ఆయన విగ్రహములు నిలిచియున్నవి. గోదావరిలో స్నానమాడునప్పుడు సంకల్పములో ఆయనను తలచుకొను పండితులును ఉన్నారు. అయితే ఆయన కట్టించిన ఆనకట్టను గూర్చి చెప్పుకొనునంతగా ఆయన పడిన వ్యాధిబాధలను గూర్చి మనము చెప్పుకొనము. శతవార్షికోత్సవ సంచిక కొరకు మేము ఆ సంగతినే ఎంచుకొంటిమి. కష్టదినములలో దేవుని కాపుదల ఏ రూపమున వచ్చునో ఆ జీవితములో చూడవచ్చును.

కాటన్‌గారు 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించిరి. తలిదండ్రులకు ఆయన పదవ కుమారుడు. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయములో చేరి, 1821లో మద్రాసునకు వచ్చిరి. యౌవనములోనే అడవి జ్వరము ఆయనను పట్టుకొన్నది. ఆ దినములు మొదలుకొని ఆరోగ్యము మరల మరల చెడుచునే వచ్చినది. ఆయన దేవునియందు దృఢమైన విశ్వాసము గలవారు. అయినను విశ్వాసము ఆయనకు జ్వరము రాకుండ చేయలేదు.

తంజావూరు సీమలో కావేరి పాయయైన కొళ్లిడము మీద 1836లో ఆయన కట్టించిన ఆనకట్టలు ఆ ప్రాంతమును బ్రదికించినవి. చేయవలసిన పని ఇంకను ఎంతో ఉండగా దేహము సహకరించలేదు. ఆయన సెలవు పుచ్చుకొని సముద్రము దాటి టాస్మేనియా ద్వీపమునకు పోవలసివచ్చెను. అక్కడనే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అను ఆమెను వివాహమాడిరి. మరుసటి సంవత్సరము కుమార్తె జన్మించెను. ఆరోగ్యమును వెదకుచు పోయిన చోట ఆయనకు కుటుంబము దొరకినది.

ఆ కాలమున మన గోదావరి సీమ స్థితి ఏమి? 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చెను. దానినే పెద్దలు డొక్కల కరువు అనిరి. 1839 నవంబరులో తుపాను ఉప్పెన మన యానామునకు అనతి దూరముననున్న కోరంగి రేవును ముంచివేసెను. 1821లో 7 లక్షల 38 వేలున్న జిల్లా జనసంఖ్య ఇరువది సంవత్సరములకు 5 లక్షల 61 వేలకు దిగెను. వరద వచ్చిన ఏడు పంట మునుగుట, వాన లేని ఏడు పంట ఎండుట, ఇంతటి నది ప్రక్కనే పారుచుండగా జనులు ఆకలికి చచ్చుట, ఇదియే ఆనాటి సంగతి.

కాటన్‌గారు తిరిగి వచ్చినప్పుడు ఆరోగ్యమును బట్టి విశాఖపట్టణ తీరమున కొంత తేలికయైన పని ఇచ్చిరి. దేవాలయమును కట్టించుట, సముద్రపు కోతను ఆపుట అక్కడి పనులు. ఆయన వంటి సమర్థునికి అది చిన్న పనియే. కాని ఆ చిన్న పనియే ఆయనను గోదావరికి దగ్గర చేసినది. కావేరి డెల్టాను ఎరిగిన కన్ను గోదావరి డెల్టాను చూచినది. ఆయన నివేదికలు వ్రాసిరి. 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమాయెను.

అడిగినంత మంది ఇంజనీర్లను పైవారు ఇయ్యలేదు. వేలాది కూలీలు నది మధ్య ఎండలో రాళ్లు మోసిరి. వారిని కూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్నగారు గొప్ప సహాయకులైరి. మరుసటి సంవత్సరమే కాటన్‌గారికి ఎండదెబ్బ తగిలి పని విడిచి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. కెప్టెన్ ఆర్ అను అధికారి ఆ భారమును వహించెను. 1850లో కాటన్‌గారు తిరిగి వచ్చిరి. 1852లో ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగముల ఆనకట్ట పూర్తియాయెను. ఇన్నిసార్లు మంచము పట్టిన ఆయన తొంబదియారేండ్లు జీవించి 1899 జూలై 24న ఇంగ్లండులో కన్నుమూసిరి.

ఇందులో మేము మూడు గురుతులను చూచుచున్నాము. మొదటిది, బలహీన దినములలో మన బలమునకు తగిన చిన్న పని దొరకుట. దానిని అవమానముగా ఎంచరాదు. రెండవది, మన భారమును మరియొకరు ఎత్తుకొనుట. కాటన్‌గారు లేని దినములలోను గోదావరి పని ఆగలేదు. మూడవది, మనము ఎదురుచూడని చోట మనుష్యులను దేవుడు మనకిచ్చుట. ఈ మూడును ఆకాశమునుండి దిగిన అద్భుతములు కావు. అందుకనియే మనము వాటిని గమనింపక పోవుదుము.

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో మన చుట్టుపట్ల గ్రామములలో వేటకు పోయిన తండ్రులు, కుమారులు తిరిగి రాలేదు. 2022 జూలై వరదలో యానాము వీధులు నీట మునిగినవి. మేలు కొరకే ఈ కష్టము వచ్చెనని కన్నీటిలో ఉన్నవారితో చెప్పుటకు మాకు నోరు రాదు. ఆ మాట లెక్క సరిచూచినట్లుండును గాని ఓదార్పు కాదు. కాటన్‌గారి జ్వరము మంచిదని మేము చెప్పుట లేదు. జ్వరము జ్వరమే. ఆ జ్వరములోను దేవుడు ఆయన చేయి విడువలేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఏలీయా కెరీతు వాగు నొద్ద ఉండగా కాకోలములు ఆహారము తెచ్చెను. పిమ్మట ఆ వాగే ఎండిపోయెను. అప్పుడు దేవుడు మరల వాగును పారింపలేదు, సారెపతులోని ఒక బీద విధవరాలి యింటికి ప్రవక్తను పంపెను. ఆమె యొద్ద ఉన్నది పట్టెడు పిండి, కొంచెము నూనె. గురుతు కొరకు వెదకువాడు ఎండిన వాగునే చూచుచు కూర్చుండినయెడల ఆ యిల్లు అతనికి కనబడదు.

కాబట్టి సంఘస్థులారా, మన వీధిలో మంచము పట్టినవారు, వేటలో కుమారుని పోగొట్టుకొన్న తల్లి, అప్పుల పాలైన కౌలురైతు ఉన్నారు. వారు దేవుని గురుతు కొరకు ఎదురుచూచుచున్నారు. ఆ గురుతు మనమే కావలసియుండునేమో. ఈ వారమే ఒక గిన్నెడు కూరతోనైనను వారి గడప త్రొక్కుదము. కెప్టెన్ ఆర్ వలె ఒకరి భారమును కొంతకాలము మోయుదము. నూరేండ్లు మన సంఘములను కాచిన దేవుడు మనలను అందుకు వాడుకొనును గాక. ఆమేన్.