ఎక్కింది చెల్లెలు, పేరు అన్నది!

కొండలెక్కడం ఆడవాళ్లకి నప్పదనుకునే రోజులవి. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉండే డోరతీ వర్డ్స్‌వర్త్ 1818 అక్టోబరులో, 46 ఏళ్ల వయసులో, స్నేహితురాలు మేరీ బార్కర్‌తో బయల్దేరింది. కనుమ దాకా వెళ్లొద్దామనుకున్నవాళ్లు, ఆకాశం తేటగా ఉందని 978 మీటర్ల స్కాఫెల్ పైక్ పైదాకా ఎక్కేశారు. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన శిఖరం అదే!

ఆ ముచ్చటంతా డోరతీ ఉత్తరంలో రాసింది. కవిగా పేరుమోసిన అన్న విలియం 1822లో తన గైడు పుస్తకంలో దాన్ని చేర్చాడు. చెల్లెలి పేరు మాత్రం వేయలేదు. చదివినవాళ్లు ఎక్కింది అతనే అనుకున్నారు.

అన్న ఇంట్లోనే ఉండి, అతని పిల్లల్ని సాకిన డోరతీ చివరి ఇరవయ్యేళ్లూ జబ్బుతో ఇంటికే పరిమితమై, 1855లో కన్నుమూసింది. ఆ కొండలు 1951లో నేషనల్ పార్కు అయ్యాయి. ఇప్పుడక్కడ ఆడపిల్లలు తాళ్లు కట్టుకుని బండలెక్కుతున్నారు. ముందు నడిచిన డోరతీని మనమైనా పేరుతో తలుచుకుందాం.