చేయూత విలువ చాటిన వైగోట్‌స్కీ

పసిబిడ్డ తొలి అడుగు వేసే వేళ తల్లి వేలందిస్తుంది. బిడ్డకు బదులుగా తాను నడవదు, అలాగని విడిచిపెట్టదు. అడుగు కుదురుకోగానే వేలు వెనక్కు తీసుకుంటుంది. ఇటువంటి చేయూతలోని విద్యారహస్యాన్ని శాస్త్రబద్ధంగా వివరించిన మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ.

ఆయన 1896 నవంబరులో రష్యా సామ్రాజ్యంలోని ఓర్షా పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఓర్షా నేడు బెలారస్ దేశంలో ఉంది. బాల్యం గోమెల్ నగరంలో గడిచింది. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి ఉపాధ్యాయ శిక్షణ పొందిన విద్యావతి. ఆష్పిజ్ అనే గురువు ఇంటివద్దనే ఆయనకు చదువు చెప్పాడు. ఆ గురువు జవాబులు అందించేవాడు కాదు. ప్రశ్నలు వేస్తూ శిష్యుని చేతనే సమాధానం రాబట్టేవాడు. ఆనాడు విశ్వవిద్యాలయాలలో యూదులకు కొద్దిపాటి స్థానాలే ఉండేవి. 1913లో వాటిని లాటరీ వేసి కేటాయించారు. బంగారు పతకం సాధించిన విద్యార్థికి సైతం మాస్కోలో చోటు దక్కింది లాటరీ వల్లనే.

1917లో గోమెల్‌కు తిరిగివచ్చి వైగోట్‌స్కీ ఉపాధ్యాయవృత్తి చేపట్టాడు. కొద్దికాలానికే క్షయవ్యాధి సోకింది. ఆనాడు దానికి సరైన మందు లేదు. ఆయుర్దాయం అల్పమని తెలిసినా ఆయన కలం ఆగలేదు. 1924 జనవరిలో పెట్రోగ్రాడ్ సదస్సులో ఆయన చేసిన ప్రసంగం పండితులను ఆకట్టుకుంది. మాస్కో మనస్తత్వశాస్త్ర సంస్థ ఆయనను ఆహ్వానించింది. లూరియా, లియోంతియెవ్‌లు ఆయనకు సహచరులయ్యారు. బధిరులైన, అంధులైన బాలల విద్యకోసం కూడా ఆయన శ్రమించాడు.

శిశువు అందని వస్తువు కోసం చేయి చాస్తుంది. తల్లి దానిని గ్రహించి వస్తువును అందిస్తుంది. క్రమంగా ఆ చేయి చాపడమే వేలితో చూపే సంజ్ఞగా మారుతుంది. మొదట ఇద్దరి మధ్య జరిగినదే తరువాత బిడ్డ మనస్సులో నెలకొంటుందని వైగోట్‌స్కీ భావించాడు.

పరీక్షల తీరును కూడా ఆయన ప్రశ్నించాడు. ఇద్దరు పిల్లలు ఎనిమిదేళ్ల స్థాయి లెక్కలను సొంతంగా చేయగలరనుకుందాం. పరీక్ష వారిని సమానులంటుంది. కాని పెద్దలు చిన్న సూచన ఇస్తే ఒకరు పన్నెండేళ్ల స్థాయిని, మరొకరు తొమ్మిదేళ్ల స్థాయిని అందుకోవచ్చు. ఒంటరిగా చేయగలదానికీ, సహాయంతో చేయగలదానికీ నడుమ ఉన్న ఈ అంతరాన్నే ఆయన సమీప వికాస మండలం అన్నాడు. బోధన సాగవలసినది అక్కడే. వచ్చినదే మళ్లీ నేర్పితే ఎదుగుదల లేదు; అందనంత ఎత్తున నేర్పితే ఫలితం లేదు.

1934 జూన్ 11న, 37 ఏళ్ల ప్రాయంలో, వైగోట్‌స్కీ క్షయకు బలయ్యాడు. ఆయన ప్రధాన గ్రంథం 'ఆలోచన, భాష' ఆ ఏడాదే, మరణానంతరం వెలువడింది. 1936లో సోవియట్ ప్రభుత్వ ఉత్తర్వు కారణంగా ఆయన రచనలు మరుగునపడ్డాయి. సహచరులు ఆయన భావాలను కాపాడుకొన్నారు. 1956లో ఆ గ్రంథం పునర్ముద్రితమైంది; 1962లో ఆంగ్లంలోకి వెళ్లింది. 1976లో బ్రూనర్, ఆయన సహపరిశోధకులు పెద్దల సహాయాన్ని కట్టడానికి ఆసరాగా నిలిపే పరంజాతో పోల్చారు. గోడ నిలిచాక పరంజా తీసివేస్తారు. సహాయమూ అటువంటిదే.

తానే చేసిపెట్టే ప్రేమ బిడ్డను బలహీనపరుస్తుంది. పట్టించుకోని స్వేచ్ఛ దారి తప్పిస్తుంది. ఎప్పుడు చేయి అందించాలో, ఎప్పుడు విడవాలో తెలియడమే నిజమైన గురుత్వం. వైగోట్‌స్కీ స్వల్ప జీవితం లోకానికి మిగిల్చిన వెలుగు అదే.