పాల్ క్లిప్ష్

పాల్ విల్బర్ క్లిప్ష్ (1904 మార్చి 9 - 2002 మే 5) అమెరికాకు చెందిన ఇంజనీరు, లౌడ్‌స్పీకర్ల రూపకర్త. గది మూలనే స్పీకరులో భాగంగా వాడుకునే క్లిప్ష్‌హార్న్ ఈయన ముఖ్యమైన సృష్టి. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వనిని, అదీ స్వచ్ఛంగా రాబట్టడమే ఈయన జీవితకాల లక్ష్యం. పరిశ్రమ చిన్న స్పీకర్ల వైపు మళ్ళిన కాలంలోనూ ఈయన ఆ లక్ష్యాన్ని వదలలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

క్లిప్ష్ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో జన్మించాడు. పన్నెండేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. 1926లో న్యూ మెక్సికోలోని వ్యవసాయ, యాంత్రిక కళల కళాశాల నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. కొంతకాలం జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసి, 1928లో చిలీ దేశానికి వెళ్ళాడు. అక్కడ నైట్రేటు రవాణా చేసే రైలుమార్గంలో విద్యుత్ రైలింజన్ల నిర్వహణ చూశాడు. 1934లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ముగించి, టెక్సాస్‌లో చమురు అన్వేషణ రంగంలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం ఈయనను ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న పట్టణం వద్ద ఉన్న ఆయుధ పరీక్షా కేంద్రానికి పంపింది. ఆ ఊరే ఈయనకు శాశ్వత నివాసమైంది.

బూర సూత్రము

సాధారణ స్పీకరులో కాగితపు శంకువు గాలిని నేరుగా నెడుతుంది. బరువైన శంకువుకూ తేలికైన గాలికీ పొంతన కుదరక, ఇచ్చిన విద్యుత్తులో సుమారు ఒక శాతమే ధ్వనిగా మారుతుంది. శంకువు ముందు క్రమంగా విచ్చుకునే బూరను అమర్చితే ఆ పొంతన కుదిరి, ధ్వని అనేక రెట్లు పెరుగుతుంది. పాత గ్రామఫోను బూర, జాతరలలో కట్టే మైకుసెట్టు గరాటు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. క్లిప్ష్ దృష్టిలో బూర వలన మరొక మేలు ఉంది. అంతే ధ్వనికి శంకువు తక్కువగా కదిలితే చాలు. కదలిక తగ్గిన కొద్దీ ధ్వనిలో వికృతి తగ్గుతుంది.

అయితే మంద్ర ధ్వనుల దగ్గర చిక్కు వస్తుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు. అంతటి తరంగానికి తగిన తిన్నని బూర ఇంట్లో పట్టదు. క్లిప్ష్ ఆ బూరను మడతలు పెట్టి పెట్టెలో ఇమిడ్చాడు. ఆ పెట్టెను గది మూలలో ఉంచి, రెండు గోడలను, నేలను బూరకు కొనసాగింపుగా వాడుకున్నాడు. ఈ విధానాన్ని 1941 అక్టోబరులో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ప్రకటించాడు. 1943లో పేటెంటు లభించింది. 1946లో హోప్‌లో క్లిప్ష్ అండ్ అసోసియేట్స్ అనే సంస్థను స్థాపించాడు.

చిన్న స్పీకర్లతో పోటీ

1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను ప్రారంభించారు. మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడుకొని, చిన్న స్పీకరు నుండి కూడా లోతైన మంద్ర ధ్వనులను రాబట్టవచ్చునని విల్చర్ నిరూపించాడు. దానికి ఎక్కువ శక్తి గల ఆంప్లిఫయరు కావలసి వచ్చినా, ఇంట్లో తక్కువ చోటు చాలు. ఎక్కువమంది శ్రోతలు ఆ వైపే మొగ్గారు. క్లిప్ష్ మాత్రం బూరనే నమ్మాడు.

ఈయన కొంత రాజీపడిన సందర్భం 1957లో వచ్చిన హెరిసీ. ఇందులో మంద్ర ధ్వనులకు బూర లేదు. మధ్య, తార స్థాయిలకు మాత్రమే ఉంది. మతధిక్కారమనే అర్థం గల ఆ పేరు, తన సిద్ధాంతాన్ని తానే మీరాడన్న చమత్కారం నుండి వచ్చింది. 1964 ఆర్కాన్సా గవర్నరు ఎన్నికలలో విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ప్రచార సభల కోసం లా స్కాలా అనే స్పీకరును రూపొందించాడు. 1978లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ఈయనకు రజత పతకం ప్రదానం చేసింది. 1989లో సంస్థను బంధువైన ఫ్రెడ్ క్లిప్ష్‌కు విక్రయించాడు.

చివరి కృషి, వారసత్వము

2000 అక్టోబరులో, 96 ఏళ్ళ వయసులో, రాయ్ డెల్గాడోతో కలిసి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మరొక వ్యాసం ప్రకటించాడు. అది 59 ఏళ్ళ క్రితపు తన వ్యాసానికి తానే చేసిన సవరణ. తరువాత రెండేళ్ళకు మరణించాడు.

ఈయన పద్ధతికి పరిమితులు లేకపోలేదు. స్పీకరు పెద్దది, గదికి తగిన మూలలు ఉండాలి, మడతల గుండా వచ్చే మంద్ర ధ్వని మిగిలిన ధ్వనుల కంటే కొద్దిగా ఆలస్యంగా చెవిని చేరుతుంది. తరువాతి రూపకర్తలు వీటినే సరిదిద్దారు. 2019 నాటి క్లిప్ష్‌హార్న్‌లో వెనుక భాగాన్ని పూర్తిగా మూయడంతో గోడలకు ఆనించవలసిన అవసరం తగ్గింది. చివరి వ్యాసంలోని ఆలోచన ఆధారంగా 2022లో జూబిలీ అనే గృహ స్పీకరు వెలువడింది. అందులో ధ్వనుల మధ్య ఆలస్యాన్ని డిజిటల్ పరికరం సరిచేస్తుంది. ఇంగ్లండుకు చెందిన పాల్ వోయిట్ 1920లలో ప్రతిపాదించిన ట్రాక్ట్రిక్స్ అనే బూర వంపును కూడా ఈ సంస్థ తన స్పీకర్లలో వాడింది. పరికరాలు మారినా, శంకువు కదలికను తగ్గించి స్వచ్ఛమైన ధ్వనిని పొందాలన్న 1941 నాటి సూత్రమే ఈ మార్పులన్నిటికీ ఆధారం.