సలీం అలీ – రెండు గిజిగాళ్ళు

బావి మీదికి వంగిన ఈతచెట్టుకో, చెరువుగట్టు తుమ్మకొమ్మకో వేలాడే గిజిగాడి గూళ్ళను మీరు చూసే ఉంటారు. ఆ గూళ్ళలో సాగే సంసారాన్ని ఓపికగా గమనించి లోకానికి తెలిపిన వ్యక్తి సలీం అలీ.

ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. ఒకరోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ జాతిదో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పక్షి పేరు చెప్పడమే కాదు, దాచిన నమూనాలన్నీ చూపించారు.

జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం పోయింది. నిధులు లేవన్నారు. భార్య తెహ్మీనాతో కలిసి సముద్రతీరాన ఉన్న కిహిమ్ గ్రామం చేరారు. అక్కడ గిజిగాళ్ళను చూస్తూ కూర్చున్నారు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షులు వచ్చి గూటిని పరీక్షిస్తాయి. ఒకదానికి నచ్చితే అందులో చేరుతుంది. అప్పుడు మగపక్షి గొట్టంలాంటి దారి అల్లి గూడు పూర్తిచేస్తుంది. ఆ వెంటనే ఇంకో ఆడపక్షి కోసం మరో గూడు మొదలుపెడుతుంది! ఉద్యోగం ఉండి ఉంటే ఈ సంగతి ఆయన కంటపడేదో లేదో.

తరువాత హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. జీతం అడగలేదు, ఖర్చులు ఇస్తే చాలన్నారు.

హిమాలయాల దిగువన కుమావూ తరాయిలో మరో గిజిగాడు ఉంది. దాన్ని 1869లో హ్యూమ్ వర్ణించారు. ఆపైన అక్కడ చాలాకాలం ఎవరికీ కనబడలేదు. సలీం అలీ 1950లలో దాన్ని మళ్ళీ కనుగొన్నారు. దాని పేరు ఫిన్ గిజిగాడు.

గూడుకట్టే కాలంలో మన గిజిగాడి మగపక్షికి నెత్తి పసుపు, ముఖం ముదురు గోధుమ రంగు. ఫిన్ గిజిగాడు కొంచెం పెద్దది. తల, పొట్ట అంతా పసుపే. చెవి దగ్గర మాత్రం నల్లని మచ్చ. గూడు ఉండలా ఉంటుంది, పొడవాటి గొట్టం ఉండదు. చెట్టు చిటారున గూడు కట్టేటప్పుడు చుట్టూ ఉన్న ఆకులు తుంచేస్తుంది.

అసలు తేడా బతుకులో ఉంది. మన గిజిగాడు వరిచేల పక్కన సుఖంగా బతుకుతుంది. ఫిన్ గిజిగాడికి తరాయిలోని తేమ నేలలు, ఎత్తైన గడ్డి కావాలి. ఆ గడ్డిభూములు పొలాలుగా మారాయి. సలీం అలీ 1987లో మరణించారు. ఆ తరువాత లెక్కించినప్పుడు మనదేశంలో ఫిన్ గిజిగాళ్ళు కొన్ని వందలే కనిపించాయి.