తలా ఒక డాలరుతో వితంతువులకు ఆసరా
కార్మికుల అండ ఫాదర్ మెక్‌గివ్నీ

ఇంటి పెద్ద కన్నుమూస్తే ఆ సంసారం వీధిన పడకూడదని పాటుపడిన గురువు ఫాదర్ మైఖేల్ మెక్‌గివ్నీ. అమెరికాలో ఒక చర్చి నేలమాళిగలో కొద్దిమంది కూలీనాలీ జనంతో ఆయన ప్రారంభించిన క్యాథలిక్ పురుషుల సంఘం ‘నైట్స్ ఆఫ్ కొలంబస్’. నేడు పలు దేశాల్లో దానికి 20 లక్షలకు పైగా సభ్యులున్నారు.

మెక్‌గివ్నీ 1852 ఆగస్టు 12న కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో జన్మించారు. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి బతుకుతెరువుకు వలస వచ్చినవారు. తండ్రి ఇత్తడి ఫ్యాక్టరీలో పోత పనివాడు. 13 మంది పిల్లల్లో మైఖేల్ పెద్దవాడు. వారిలో ఆరుగురు చిన్నతనంలోనే పోయారు. మైఖేల్ 13వ ఏట బడి మాని, చెంచాలు తయారుచేసే పనిలో చేరారు. 16వ ఏట గురువిద్య కోసం కెనడా వెళ్లారు.

1873లో తండ్రి మరణించారు. తల్లి, ఆరుగురు తమ్ముళ్లు, చెల్లెళ్లు మిగిలారు. మైఖేల్ చదువు ఆపి ఇంటికి వచ్చేశారు. సంపాదించే మనిషి పోతే ఇల్లు ఎలా అల్లాడుతుందో స్వయంగా చూశారు. ఆ తర్వాత హార్ట్‌ఫర్డ్ మేత్రాసనం చేయూతతో బాల్టిమోర్‌లో చదువు పూర్తిచేశారు. 1877 డిసెంబరు 22న గురుపట్టం పొందారు. న్యూహేవెన్ పట్టణంలోని సెయింట్ మేరీ విచారణలో సహాయ గురువుగా నియమితులయ్యారు.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు, జబ్బులు ఎక్కువ. పనివారికి బీమా ధీమా లేదు. మగదిక్కు పోయిన ఇంట్లో పిల్లల్ని సాకే స్తోమత ఉందని కోర్టుకు హామీ చూపాలి. లేకుంటే పిల్లలు తల్లికి దూరమయ్యే ప్రమాదం ఉండేది. 1882లో డౌన్స్ అనే కుటుంబానికి అదే కష్టం వచ్చింది. ఫాదర్ స్వయంగా కోర్టుకు వెళ్లి ఒక కుర్రవాడి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. అయితే ఇలా ఒక్కో ఇంటిని ఒక్క గురువు ఎంతకాలం ఆదుకోగలరు?

రహస్య సంఘాల్లో కొన్ని సభ్యులకు ఇలాంటి సాయం చేసేవి. కాని వాటిలో చేరడానికి క్యాథలిక్కులకు చర్చి అనుమతి లేదు. అందుకని విచారణలోనే సొంత సంఘం పెట్టాలని ఫాదర్ తలపెట్టారు. 1881 అక్టోబరు 2న చర్చి నేలమాళిగలో మొదటి సమావేశం జరిగింది. 1882 మార్చి 29న రాష్ట్ర శాసనసభ గుర్తింపునిచ్చింది. క్యాథలిక్కులు పరాయివారన్న చిన్నచూపు ఉన్న ఆ రోజుల్లో, అమెరికా చేరిన క్యాథలిక్ నావికుడు కొలంబస్ పేరును సంఘానికి పెట్టారు.

నియమం తేలికైనదే. సభ్యుడు మరణిస్తే మిగిలినవారు తలా ఒక డాలరు వేసుకోవాలి. భార్యకు 1,000 డాలర్లు ముట్టాలన్నది లక్ష్యం. సభ్యులు వెయ్యి దాటితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. అధ్యక్ష పదవి ఫాదర్ తీసుకోలేదు. జేమ్స్ ముల్లెన్ అనే గృహస్థుకు దాన్ని అప్పగించి, తాను కార్యదర్శిగా ఉన్నారు.

తొలినాళ్లలో సంఘం నత్తనడక నడిచింది. విమర్శలూ వచ్చాయి. ఫాదర్ వెనక్కు తగ్గలేదు. ఊరూరా గురువులకు ఉత్తరాలు రాశారు. 1884 నాటికి అయిదు శాఖల్లో 459 మంది చేరారు. ఈ పనుల మధ్యనే ఉరిశిక్ష పడిన ఒక యువకుణ్ణి జైలులో తరచు కలిసి, 1882లో చివరి క్షణం వరకు తోడుగా నిలిచారు.

1884లో ఆయనను థామస్టన్ విచారణకు బదిలీ చేశారు. అక్కడ న్యుమోనియా సోకి 1890 ఆగస్టు 14న మరణించారు. అప్పటికి 38 ఏళ్లు నిండి రెండు రోజులే అయింది. ఆయన తమ్ముళ్లు ఇద్దరు గురువులై, అదే సంఘానికి ఆధ్యాత్మిక సలహాదారులుగా సేవచేశారు.

సంఘానికి నూరేళ్లు నిండిన 1982లో ఆయన అవశేషాలను వాటర్‌బరీ నుంచి సెయింట్ మేరీ చర్చికి తరలించారు. 2020 అక్టోబరు 31న క్యాథలిక్ చర్చి ఆయనను ధన్యజీవిగా ప్రకటించింది. ఆనాడు తలా ఒక డాలరుతో మొదలైన ఆసరా నేడు పెద్ద బీమా సంస్థగా పెరిగి, సభ్యుల కుటుంబాలను ఆదుకుంటోంది.